జోవెలిన్ నెలలు లెక్కపెట్టాను

జూన్ 17, మంగళవారం

తెల్లవారుజామున నాలుగున్నరకే మా ఆయన పొయ్యి మీద మూకుడు పెట్టాడు. నా కళ్ళకంటే ముందు ముక్కుకు మెలకువ వచ్చింది. దాంగిత్. నూనెలో ఆరు ఎండుచేపలు చిటపటలాడుతున్నాయి. ఆ ఉప్పు కంపు దోమతెరలోకి, దిండులోకి, నిన్న ఉతికి తగిలించిన నా యూనిఫాంలోకి పాకింది.

"ఎడ్, రాత్రి అన్నం వెల్లుల్లేసి వేయించాను, లే," అన్నాడు దాడో, నాకేదో కానుక ఇస్తున్నట్టు.

స్కూలు తెరిచి రెండో రోజు. రెండో తరగతిలో యాభై రెండు మంది. ముందు బల్ల మీది పిల్లకు పెన్సిల్ పట్టుకోవడం చూపిస్తుంటే నా చెయ్యి వాసన చూసి, "మేడమ్, మీ ఇంట్లో ఇవాళ దాంగిత్ కదా," అంది. తరగతంతా నవ్వింది. ఈ దీవిలో వాళ్ళ ఇళ్ళలోనూ అదే. అయినా నేను మేడమ్‌ని.

నాకు ఈ వాసన మొదటి నుంచీ పడదు.

జూన్ 18, బుధవారం

నిన్న మొదటి నుంచీ అని రాశాను. సరిగ్గా రాయాలి. అబద్ధాలు రాసుకోవడానికైతే డైరీ ఎందుకు?

కొండ మీద మా ఇంట్లో మొక్కజొన్న నూకల అన్నంలోకి ఎండుచేప తప్ప వేరే కూర ఉండేది కాదు. ఒక చేపను నలుగురికి పంచేది అమ్మ. తల నాకిచ్చేది, చదువుకునే పిల్ల కదా అని. అమ్మకు సంతకం రాదు, ఇప్పటికీ బొటనవేలే. కాలేజీ హాస్టల్లో మొదటి రోజు నా డబ్బా మూత తీయగానే పక్క మంచం అమ్మాయి ఒక్క మాట అనకుండా లేచి వెళ్ళి కిటికీ తెరిచింది. ఏదన్నా అని ఉంటే బాగుండేది.

అంటే కాలేజీ నుంచి పడదు. అది నిజం.

జూన్ 19, గురువారం

ఇక ఇంట్లో వేయించొద్దని చెప్పేశాను. పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. దాడోకి పెళ్ళాం ఎంతో ఎండుచేప అంతని అత్తగారు పెళ్ళిలోనే చెప్పింది. కొబ్బరికల్లు వెనిగర్లో మిరపకాయ నలిపి, దాంట్లో చేప ముంచి తింటుంటే పక్కన పిడుగు పడ్డా తల ఎత్తడు.

కానీ సగం తాగి పెట్టేసిన నా కాఫీ గ్లాసు వైపు చూస్తూ, "సరే, మానేస్తాలే," అన్నాడు.

అంతే. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. దోమతెర ఏ మేకుకు కట్టాలన్నదాని మీద గంట వాదించే మనిషి.

ఈ కొత్త కాఫీ పొడి బాగాలేదు. తుప్పు రుచి.

జూన్ 20, శుక్రవారం

దాడో మంచం మీద పడుకోలేదు. ఉక్కగా ఉందని చాప తీసుకెళ్ళి గుమ్మానికి అడ్డంగా పరుచుకున్నాడు. బయటికి వెళ్ళాలంటే వేరే దారి లేదు. పొద్దున నాలుగింటికి లేచి, కాలు తగలకుండా అతన్ని దాటి వెళ్ళాను. నిద్రపోతున్నట్టే ఉన్నాడు గానీ రెప్పలు కదిలాయి.

ఉక్కపోత నాకూ ఉంది. నేను మంచం వదల్లేదు.

జూన్ 22, ఆదివారం

చర్చిలో పక్కనే కూర్చున్నాడు. చొక్కాలోంచి వచ్చింది. వేయించిన వాసన, తాజాది. మూడు రోజులుగా మా ఇంట్లో చేప లేదు.

"ఎక్కడ తిన్నావు?" అన్నాను.

"ఏంటి తినేది? ప్రార్థన చేసుకో," అన్నాడు.

జూన్ 25, బుధవారం

వాసన.

జూన్ 26, గురువారం

ఇవాళ కూడా. చొక్కా కాలరు దగ్గర ఎక్కువ. చాప ఇంకా గుమ్మం దగ్గరే.

జూన్ 29, ఆదివారం, ఫియెస్టా

ఊరి పండగ. పీటర్, పాల్ పునీతుల విగ్రహాలను పడవల్లో తిప్పారు. ఊరంతా తిని తాగి ఊగుతోంది. మేం అద్దెకుండేది పాసింగ్ అత్త పెరటింట్లో కాబట్టి భోజనం ఆవిడ దగ్గరే. కాల్చిన పంది ముక్కలు నా పళ్ళెంలో కుప్పపోసింది. నూనె మెరుపు చూడగానే లేచి పెరట్లోకి వెళ్ళాను. ఎండదెబ్బ అనుకుంటాను.

పాసింగ్ అత్త నా వెనకే వచ్చి నీళ్ళ గ్లాసు ఇచ్చింది. ఆవిడ ఊరికే ఏదీ ఇవ్వదు.

"టీచరమ్మా, ఒకటడుగుతా, ఏమనుకోవద్దు. నీ మొగుడు రోజూ జోవెలిన్ ఇంట్లో ఎందుకు తింటున్నాడు?"

జోవెలిన్ ఒడ్డున దాంగిత్ ఎండబెట్టే మనిషి. మొగుడు సరుకు ఓడలో వంటవాడు. ఇంట్లో ఐదేళ్ళ కొడుకూ ఆవిడా, అంతే. ఆవిడ కడుపుతో ఉందని ఊరందరికీ తెలుసు.

"రోజూనా?" అన్నాను.

"పొద్దునోసారి, మధ్యాహ్నమోసారి. ట్రైసికిల్ బయట పెట్టి లోపలికి పోతాడు. మా చెల్లెలు చూసింది, మా చెల్లెలి కోడలు చూసింది. పళ్ళెం నిండా ఎండుచేపలట, ఆవురావురుమని తింటున్నాడట." గొంతు తగ్గించింది. "మగాడు అలా వెర్రిగా తింటున్నాడంటే వేవిళ్ళే. కడుపుతో ఉన్న ఆడది పడుకున్న మగాణ్ణి దాటితే ఆమె వేవిళ్ళు వాడికి అంటుకుంటాయి. మా ఆయన నా మూడో కాన్పులో పచ్చి చింతకాయలు తిని పళ్ళు పులిసి ఏడ్చాడు. మరి నువ్వేమన్నా...?"

"లేదు," అన్నాను.

"మరి అతన్ని దాటిందెవరమ్మా?"

"అత్తా, ఇవన్నీ మూఢనమ్మకాలు. మేం పిల్లలకు సైన్సు చెప్తాం."

"చెప్పు తల్లీ, చెప్పు. సైన్సు మొగుణ్ణి ఇంటికి తెస్తే మంచిదే."

నేను ఇలాంటివి నమ్మను.

జూన్ 30, సోమవారం

నమ్మను.

జూలై 2, బుధవారం

పిల్లలు లెక్కలు చేస్తుంటే నేను పాఠాల పుస్తకం వెనక ఉన్న కేలండర్ మీద జోవెలిన్ నెలలు లెక్కపెట్టాను. మొగుడు జనవరి పండగకు వచ్చాడు. ఫిబ్రవరి మొదటి వారంలో మళ్ళీ ఓడ ఎక్కాడు. జనవరి చివర నుంచి పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ వచ్చాను. ఆరో నెల నడుస్తోంది. సరిపోతుంది.

కానీ జనవరి చివర్లోనే దాడో తను బాడుగకు నడిపే మోటారు ట్రైసికిల్ రిపేరని నాలుగు రోజులు ఇంటికి ఆలస్యంగా వచ్చాడు. ఏ రిపేరు? చెప్పాడు, గుర్తులేదు. గుర్తులేదంటే నమ్మదగ్గట్టు చెప్పలేదన్నమాట.

ఆరో నెలలో వేవిళ్ళేమిటని నాకు నేనే ఎదురు చెప్పుకున్నాను. కొందరికి చివరిదాకా ఉంటాయట.

రబ్బరుతో గీతలన్నీ చెరిపేశాను. కాగితం మీద గుంటలు మిగిలాయి.

జూలై 4, శుక్రవారం

"మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"ఐసు ఫ్యాక్టరీ దగ్గర. బేరాల్లేవు."

"ఏం తిన్నావు?"

"బ్రెడ్డు."

అబద్ధం చెప్పేటప్పుడు దాడో చెవి వెనక గోక్కుంటాడు. గోక్కున్నాడు. ఏడ్చానని తెలియకుండా ఉల్లిపాయలు తరిగాను. ఉల్లిపాయ వాసనకు వాంతి వచ్చింది. కడుపు మండిపోతుంటే వాంతి కాక ఏమవుతుంది.

జూలై 6, ఆదివారం

సెప్టెంబరు గురించి ఇక్కడ రాయనని అనుకున్నాను. రాయను.

జూలై 9, బుధవారం

ట్రైసికిల్ సీటు కింద చూశాను. వెతకలేదు, తుడుస్తుంటే కనబడింది. న్యూస్‌పేపర్లో చుట్టిన దాంగిత్, పది దాకా. దాని పక్కన సంచిలో పచ్చి మామిడికాయలు, ఉప్పు పొట్లం. పచ్చి మామిడికాయలు! దాడోకి పులుపంటే ముఖం ముడుచుకుపోతుంది. మరి ఎవరి కోసం?

నేను చూశానని గ్రహించి సంచి తెచ్చి వంటబల్ల మీద పెట్టాడు. "ఊరికే కొన్నాను. ఉండనీ," అన్నాడు. ఎంత తెలివి! దొరికిపోగానే ఇంటికోసం తెచ్చినట్టు.

నోటుపుస్తకాలు దిద్దుతూ ఆ మామిడికాయలు నాలుగూ నేనే తినేశాను, ఉప్పు అద్దుకుని, టెంకల దాకా. ఆవిడకు ఒక్కటి కూడా మిగలకూడదు.

కోపంలో ఉన్నా బాగున్నాయి.

జూలై 11, శుక్రవారం

రేపు సెలవు. వెళ్తాను. ఏమడగాలో కాగితం మీద రాసుకున్నాను. ఐదు ప్రశ్నలు. ఐదూ మర్యాదగానే ఉన్నాయి.

ఆవిడ అవునంటే అమ్మ దగ్గరికి కొండ మీదికి వెళ్ళిపోవాలి. వెళ్తే ఉద్యోగం పోతుంది. మా ఇంటి మొత్తానికి ఇది మొదటి ఉద్యోగం. వెళ్ళకపోతే రోజూ ఆ చొక్కా ఉతకాలి. రెండూ పక్కపక్కన రాసి చూశాను. ఏదీ రాయడానికి చెయ్యి రాలేదు గానీ రాశాను.

జూలై 12, శనివారం

పొద్దునే ఒడ్డుకు వెళ్ళాను. వరసగా వెదురు తట్టలు, వాటి మీద పుస్తకంలా తెరిచిన చేపలు, ఎకరం మేర. ముక్కుకు చేతిరుమాలు కట్టుకున్నాను. జోవెలిన్ తల మీద తువ్వాలు చుట్టుకుని చేపలు తిరగేస్తోంది. వంగలేక తట్టను మోకాలితో ఎత్తి పట్టుకుంది. కొడుకు తట్టల కింద గుడారం ఆట ఆడుతున్నాడు.

"ఏంటి టీచరమ్మా, దొంగలా ముక్కు మూసుకొచ్చావ్? ఎవర్ని దోచుకుందామని?"

ఐదు ప్రశ్నల కాగితం తీశాను. చెమటకు తడిసి ముద్దయింది. "మా ఆయన మీ ఇంటికి ఎందుకొస్తున్నాడు?" అన్నాను. మర్యాదగా రాలేదు.

ఆమె తట్ట దించింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. ఆ నవ్వుకు పక్క తట్టల దగ్గర ఆడవాళ్ళు కూడా తలలెత్తారు.

"ఓర్నాయనో! నీ మొగుడా? వస్తాడు, తింటాడు, పళ్ళెం కడిగి బోర్లించి పోతాడు. నా కొడుకుని బడి దగ్గర దింపుతాడు. అదే బాడుగ. అంతకంటే ఏం లేదమ్మా, కావాలంటే ఆ గోడలనడుగు."

"ఆయనకి వేవిళ్ళంటున్నారు ఊళ్ళో."

"అవును మరి, వేవిళ్ళే. చూస్తే తెలీట్లా?"

"నువ్వు ఆయన్ని దాటావా?"

అన్నాక నాకే వినబడింది ఏమన్నానో. బి.ఎడ్. చదివిన నోరు.

"నేను దాటితే మా ఆయన్నే దాటాలి. ఆయన సముద్రం మీదున్నాడు. ఓడని దాటనా?" ఈసారి అందరూ నవ్వారు. తర్వాత జోవెలిన్ నవ్వు ఆపి నా దగ్గరికొచ్చింది. రుమాలు వేలితో కిందికి లాగింది. "ఎప్పట్నుంచి పడట్లేదు నీకు ఈ వాసన?"

"మొదటి నుంచీ."

"అబద్ధం. ఈస్టరుకి ఇక్కడే నిలబడి సగం ఎండిన చేపలు తట్టలోంచి తీసుకుని కాల్పించుకు తిన్నావు. ఏడు. నేను లెక్కపెట్టా. వెనిగర్ చాల్లేదని మళ్ళీ అడిగావు." ఆమె చెయ్యి చేపనూనెతో జిగటగా ఉంది, దాంతోనే నా చెంప తట్టింది. "ఇంట్లో వేయిస్తే మా ఆవిడకు కడుపులో తిప్పుతోంది, ఇక్కడ తిని పోతానన్నాడు. నేను ఇద్దర్ని కన్నదాన్ని, ఒకటి కని, ఒకటి మోస్తూ. నాకు వేరే చెప్పాలా? నువ్వు ఎవరి నెలలు లెక్కపెట్టుకుంటున్నావ్ పిల్లా?"

నేను తట్ట అంచు పట్టుకుని నిలబడ్డాను. కేలండర్ మీద జనవరి నుంచి గీతలు పెట్టాను. జోవెలిన్‌వి. మే నెలలో నా నెలసరి ఎక్కడ ఆగిందో చూడలేదు. సెప్టెంబరు తర్వాత నేను కేలండర్ చూడటం మానేశాను. రాయకపోతే ఆశ ఉండదు, ఆశ లేకపోతే పోయేదేం లేదని.

ఇంటికి వస్తుంటే దారిలో ఆనందం రాలేదు. ఇంకో అనుమానం వచ్చింది. దాడోకి తెలుసు. నాకంటే ముందు తెలుసు. మళ్ళీ ఊరంతా చెప్పేశాడా? పోయినసారి మూడో నెల నిండకుండానే ట్రైసికిల్ స్టాండులో, చేపల మార్కెట్లో, ఫెర్రీ టికెట్ల కిటికీ దగ్గర చెప్పుకొచ్చాడు. సెప్టెంబరులో ఆసుపత్రి నుంచి వచ్చాక ప్రతి ఒక్కరూ నన్ను ఆపి పేరేం పెడుతున్నారని అడిగారు. కడుపు నిలవలేదని ప్రతి ఒక్కరికీ నేనే చెప్పాల్సి వచ్చింది.

దాడో పెరట్లో ట్రైసికిల్ కడుగుతున్నాడు.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఏది?"

"దాడో."

గుడ్డ పిండాడు. "ఫియెస్టాకి పది రోజుల ముందు. కాఫీ సగంలో పెట్టేశావు. పోయినసారి కూడా మొదట కాఫీయే."

"ఎవరెవరికి చెప్పావు?"

"ఎవరికీ."

చెవి వంక చూశాను. గోక్కోలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు నేను చెప్పడమేంటి ఎడ్, నువ్వు కదా చెప్పాలి." గుడ్డ మళ్ళీ ముంచాడు, మళ్ళీ పిండాడు. "నువ్వే అన్నావు. ఆసుపత్రిలో. ఇంకోసారంటూ ఉంటే అందరికీ చెప్పి, ఆఖర్న నాకు చెప్తానని. సరే అనుకున్నా. నీకు తెలిసే చెప్పట్లేదనుకున్నా. నా వంతు వచ్చేదాకా ఉందామని."

నేను అలా అనలేదని చెప్పబోయాను. గుర్తులేదు. తర్వాత గుర్తొచ్చింది: గోడ వైపు తిరిగి పడుకుని, అతని ముఖం కూడా చూడకుండా అన్నాను. నర్సు కూడా విన్నది. అన్నాక ఈ పది నెలల్లో ఒక్కసారి కూడా ఆ మాట నాకు గుర్తు రాలేదు. అతను మాత్రం రోజూ దాంతోనే కాపురం చేశాడు.

"మరి ఆ గుమ్మం దగ్గర పడక ఏంటి?"

"ఉక్క."

"దాడో."

"నువ్వు దాటాలని," అన్నాడు చక్రానికి చెప్తున్నట్టు.

"అవన్నీ నమ్ముతావా నువ్వు?"

"నమ్మను. పోయినసారి నీకు మంచినీళ్ళు కూడా కడుపులో ఆగలేదు. బేసిన్ పట్టుకుని కూర్చోవడం తప్ప నేనేం చేశాను? ఒకవేళ నిజమైతే సగమన్నా నాకొస్తుంది కదా అని."

"వచ్చిందా?"

"మూడు వారాల నుంచి ఎండుచేప తప్ప ఏదీ సయించట్లేదు. పొద్దున లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి."

"నాకూ తిరుగుతున్నాయి. ఏమీ పోలేదు నీ దగ్గరికి."

"అంటే ఇద్దరికీ ఉన్నట్టా?" అన్నాడు నిజంగా దిగులుపడి.

నవ్వాలో కొట్టాలో తెలియలేదు. లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను. ఇంకా ఏదీ నిశ్చయం కాదు. జోవెలిన్ డాక్టరు కాదు. కాఫీ డాక్టరు కాదు.

జూలై 13, ఆదివారం

మా ఊరి మందుల షాపులో పాసింగ్ అత్త మేనకోడలు ఉంటుంది. అందుకని జీపులో పక్క ఊరు వెళ్ళి టెస్టు కిట్ కొన్నాను. పూజకు వెళ్ళావా అని దాడో అడిగితే వెళ్ళానని చెప్పాను, వెళ్ళలేదు. దేవుడు క్షమించాలి.

అక్కడి ఫెర్రీ రేవు మరుగుదొడ్డిలో చూశాను. తలుపుకు గొళ్ళెం లేదు, కాలు అడ్డం పెట్టుకున్నాను.

రెండు గీతలు.

పెన్సిల్‌తో కాదు, చెరపడానికి వీల్లేదు. ఐదు నిమిషాలు ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. పోయినసారి ఆ ఐదు నిమిషాలు నాకు దొరకలేదు, దాడో తలుపు బయటే నిలబడి అరిచాడు కాబట్టి. ఇప్పుడు దొరికాయి. అనుకున్నంత బాగాలేవు. ఎవరికో చెప్పకపోతే ఊపిరాడేటట్టు లేదు.

సాయంత్రం పాసింగ్ అత్త గేటు దగ్గర పట్టుకుంది. "ఒడ్డుకు వెళ్ళావట. ఏమైంది? ఏమంటుంది ఆవిడ?"

"దాంగిత్ ధర అడిగాను అత్తా."

"నా దగ్గర దాచకు."

"ఏం లేదత్తా."

అప్పుడే దాడోకి చెప్పేదాన్నే. కానీ ఆవిడ మా గుమ్మంలో కూర్చుని ఎనిమిదింటిదాకా కదల్లేదు. ఆవిడ వెళ్ళేసరికి దాడో నిద్రపోయాడు.

జూలై 14, సోమవారం

పన్నెండు గంటల బెల్లు కొట్టగానే ట్రైసికిల్ స్టాండుకు వెళ్ళాను. దాడో వరసలో మూడోవాడు. ముందున్న ఇద్దరూ "మేడమ్, ఎక్కండి" అన్నారు. వాళ్ళను దాటుకుని వెళ్ళి దాడో బండి సైడ్‌కార్లో కూర్చున్నాను.

"వరస తప్పుతోంది, తిడతారు," అన్నాడు.

"నీకొకటి చెప్పాలి."

"చెప్పు."

"ఇంకా ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా. ముందు నీకే."

బండి ఇంజను ఆపేశాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. అంతా తెలిసిన మనిషి, నెల రోజుల నుంచి తెలిసిన మనిషి, ఏమీ తెలియనట్టు సైడ్‌కార్ కప్పు కిందికి వంగి, చెవి నా నోటి దగ్గర పెట్టాడు. చెప్పాను. మూడు మాటలే.

"ఏంటి?" అన్నాడు. "మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న."

"నిన్ననా," అన్నాడు, ఆశ్చర్యపోయి. ఎంత బాగా ఆశ్చర్యపోయాడో రాయడం నాకు చేతకాదు.

వెనక బండి వాడు హారన్ కొట్టాడు. "ఏం దాడో, మేడమ్ ఏమంటున్నారు? మిట్టమధ్యాహ్నం చీవాట్లా?"

స్టాండు మొత్తం మా వైపే చూస్తోంది. పోయినసారి ఇదే స్టాండులో సీటు మీద ఎక్కి నిలబడి అరిచాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"స్కూల్లో నీళ్ళ ట్యాంకు పగిలిందట్రా," అన్నాడు దాడో. "చూసి రమ్మంటోంది."

ఇంజను స్టార్ట్ చేసి వరస తప్పించి బయటికి తీశాడు. స్కూలు వైపు కాకుండా ఒడ్డు రోడ్డు వైపు తిప్పాడు. చాలా నెమ్మదిగా నడిపాడు, గుంటలన్నీ తప్పించుకుంటూ. సైడ్‌కార్ కప్పు అడ్డం కాబట్టి నాకు అతని ముఖం కనబడదు, భుజం ఒక్కటే కనబడుతుంది. భుజం కదులుతోంది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

అడగలేదు.